వెతికిపెట్టేవాడికీ హద్దులుండాలి

ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్ను వేయడానికి ఆఖరి రోజు. ఫారం 16 కంప్యూటర్‌లో ఎక్కడో ఉంది, ఎక్కడుందో మాత్రం గుర్తు లేదు. కింద ఉన్న సెర్చ్ గడిలో నాలుగక్షరాలు కొట్టారో లేదో ఫైలు ప్రత్యక్షమైంది. హమ్మయ్య అనుకుని పనిలో పడిపోతారు. వేల ఫైళ్ల మధ్య నుంచి అది కన్ను మూసి తెరిచేలోగా ఎలా దొరికిందన్న ఆలోచన మనలో చాలామందికి రాదు.

మీరు అడిగాక వెతకడం మొదలుపెడితే అంత త్వరగా దొరకదు. మీరు అడగకముందే ఆ సాఫ్ట్‌వేర్ మీ ఫైళ్లన్నీ చదివి పెట్టుకుంది. పుస్తకం చివర ఏ పదం ఏ పేజీలో ఉందో చూపే పదసూచిక ఉంటుంది కదా, అలాంటిదే మీ ఫైళ్లకూ తయారు చేసుకుంది. దాన్నే ఇండెక్స్ అంటారు. విండోస్‌లో విండోస్ సెర్చ్, మ్యాక్‌లో స్పాట్‌లైట్ ఈ పని చేస్తాయి. మీరు టీ తాగడానికి లేచినప్పుడు కూడా అవి చదువుతూనే ఉంటాయి.

ఇందులో తప్పేమీ లేదు. మన పని సులువు చేయడానికే అవి ఉన్నాయి. కానీ మన కాగితాలన్నీ చదివిన మనిషి ఇంట్లో ఉంటే అతనికి కొన్ని హద్దులు పెడతాం. ఏ గదిలోకి వెళ్లొచ్చో, ఎవరితో ఏం మాట్లాడకూడదో ముందే చెబుతాం. సెర్చ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ హద్దులు పెట్టేది ఎవరు? మీరు పెట్టకపోతే దాన్ని తయారుచేసిన కంపెనీ పెడుతుంది. మీరు ఎన్నడూ ముట్టుకోని ప్రతి సెట్టింగూ మీ తరఫున వేరెవరో తీసుకున్న నిర్ణయమే. ఆ నిర్ణయాలను మీ చేతిలోకి ఎలా తెచ్చుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఏం చదువుతోంది? ఎక్కడ దాస్తోంది? ఎవరికి చెబుతోంది?

మొదటి ప్రశ్న: ఏం చదువుతోంది?

2004 అక్టోబరులో గూగుల్ ‘గూగుల్ డెస్క్‌టాప్ సెర్చ్’ను విడుదల చేసింది. అప్పట్లో విండోస్‌లో సొంత ఫైలు వెతుక్కోవడం పెద్ద ప్రయాస కాబట్టి జనం సంబరపడ్డారు. అది డాక్యుమెంట్లతో ఆగలేదు. అవుట్‌లుక్‌లోని ఈమెయిళ్లు, చాట్ సంభాషణలు, బ్రౌజర్‌లో చూసిన పేజీలు కూడా చదివి, వాటి నకళ్లు దాచుకునేది. అసలు ఫైలు తీసేసినా దాని నకలు సెర్చ్‌లో దొరికే సందర్భాలుండేవి. ఇంట్లో నలుగురూ ఒకే కంప్యూటర్, ఒకే లాగిన్ వాడే రోజులవి. ఒకరు చూసిన ఈమెయిల్ మరొకరి వెతుకులాటలో తేలితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంటర్నెట్ కేఫ్‌లలోని కంప్యూటర్లలో దీన్ని పెడితే ఎలాగని నిపుణులు అప్పుడే హెచ్చరించారు.

2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. ట్రూక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లను రహస్య భాగంలో దాచుకున్నా, ఆ భాగం తెరిచి ఉన్న సమయంలో గూగుల్ డెస్క్‌టాప్ వాటిని చదివి, నకళ్లను బయట తన దగ్గర పెట్టుకునే వీలుందని చూపించారు. బీరువాకు ఎంత గట్టి తాళం వేసినా, అది తెరిచి ఉన్నప్పుడు చదివినవాడి దగ్గర విషయం ఉండిపోతుంది.

గూగుల్ డెస్క్‌టాప్ వచ్చిన దాదాపు ఇరవై ఏళ్లకు ఇదే ప్రశ్న మరింత పెద్దదై తిరిగొచ్చింది. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ అనే సదుపాయాన్ని ప్రకటించింది. కొత్త కోపైలట్ ప్లస్ కంప్యూటర్లలో తెర మీద కనిపించేదాన్ని కొన్ని సెకన్లకొకసారి ఫొటో తీసి, అందులోని అక్షరాలను చదివి, “ఆ నీలం చీర ఏ సైట్‌లో చూశాను?” అన్నా వెతికిపెట్టేందుకు దాన్ని తయారు చేశారు. మైక్రోసాఫ్ట్ సారథి, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అదే నెల మొదట్లో ఉద్యోగులకు లేఖ రాస్తూ, మరే పనితో పోటీ వచ్చినా భద్రతకే ముందు పీట వేయమన్నారు. కానీ రీకాల్ తొలి రూపాన్ని పరిశీలించిన నిపుణులు, అది పోగేసిన అక్షరాలన్నీ కంప్యూటర్‌లో మామూలు డేటాబేస్‌గా పడి ఉంటున్నాయని, లోపలికి చొరబడిన చిన్న ప్రోగ్రామ్ కూడా వాటిని ఎత్తుకుపోగలదని చూపించారు. పెద్ద దుమారం లేచింది. జూన్‌లో మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. వాడేవారు కావాలని ఎంచుకుంటేనే అది పనిచేసేలా మార్చి, డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, తెరవాలంటే ముఖమో వేలిముద్రో చూపేలా చేసింది. 2025 ఏప్రిల్‌లో గానీ అది అందరికీ రాలేదు. ఆ తర్వాత కూడా సిగ్నల్ మెసేజింగ్ యాప్, తన కిటికీని రీకాల్ ఫొటో తీయకుండా అడ్డుకట్ట వేసుకుంది.

రెండో ప్రశ్న: ఎక్కడ దాస్తోంది?

ఇండెక్స్ మీ యంత్రంలోనే ఉంటే ప్రమాదం యంత్రం దగ్గరికి వచ్చినవాడితోనే. ఇంట్లోవాళ్లు, మెకానిక్కు, దొంగ, లేదా వైరస్. కానీ దాని నకలు కంపెనీ సర్వర్‌కు వెళ్తే లెక్క మారిపోతుంది.

2006 ఫిబ్రవరిలో వచ్చిన గూగుల్ డెస్క్‌టాప్ మూడో వెర్షన్ ఆ గీత దాటింది. ఇంట్లో ఒక కంప్యూటర్, ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉన్నవారు ఒకదానిలోంచి రెండోదాని ఫైళ్లు వెతుక్కోవచ్చంది. అందుకోసం ఫైళ్లలోని విషయాన్ని గూగుల్ సర్వర్లలో 30 రోజుల దాకా ఉంచేది. అడిగి, ఒప్పుకున్నవారికే ఈ సదుపాయం. అయినా అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దీన్ని వాడొద్దని బాహాటంగా చెప్పింది. ఎందుకంటే అక్కడ ఇంట్లో ఉన్న కాగితాల కోసం ప్రభుత్వం రావాలంటే కోర్టు నుంచి సోదా వారెంటు తెచ్చుకోవాలి. అవే కాగితాలు ఒక కంపెనీ దగ్గరుంటే అంతకంటే తేలికైన నోటీసుతో తెప్పించుకునే వీలు అక్కడి 1986 నాటి చట్టంలో ఉంది. అదే సమయంలో, జనం ఏం వెతికారో చెప్పమని అమెరికా న్యాయశాఖ అడిగితే గూగుల్ కోర్టులో పోరాడుతోంది కూడా. కంపెనీ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. మీ కాగితం చోటు మారితే దానికి వర్తించే చట్టం మారుతుంది. కంపెనీ తలుపు తట్టేవారందరినీ మీరు ఆపలేరు.

ఐ-797 ఇమ్మిగ్రేషన్ నోటీసులు, డబ్ల్యూ-2 జీతం పన్ను పత్రాలు, పాస్‌పోర్టు స్కాన్లు ల్యాప్‌టాప్‌లో దాచుకుని అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. గూగుల్ డెస్క్‌టాప్ 2011 సెప్టెంబరులో మూతపడింది గానీ, ఆ ప్రశ్న మూతపడలేదు. ఇప్పుడు మన డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో చడీచప్పుడు లేకుండా ఎక్కిపోతున్నాయి.

మూడో ప్రశ్న: ఎవరికి చెబుతోంది?

చాలామంది గమనించనిది ఇదే. సెర్చ్ గడిలో మీరు సొంత ఫైలు పేరే కొడుతున్నారు. కానీ ఆ అక్షరాలు ఇంటర్నెట్ దాటి వెళ్లొచ్చు.

2012 అక్టోబరులో ఉబుంటు 12.10 వచ్చింది. ఉచితం, స్వేచ్ఛాయుతం అని పేరున్న లినక్స్ కుటుంబం నుంచి వచ్చింది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం లేదు. అందులోని ‘డాష్’ సెర్చ్‌లో ఏం కొట్టినా ఆ మాటలు దాని తయారీ సంస్థ కెనానికల్ సర్వర్‌కు వెళ్లేవి. సొంత ఫైళ్ల పక్కనే అమెజాన్‌లో అమ్మకానికున్న వస్తువులు కనిపించేవి. ఇది నిఘా సాఫ్ట్‌వేరేనని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ కుండబద్దలు కొట్టారు. 2016 ఏప్రిల్‌లో 16.04 వెర్షన్ వచ్చేసరికి దాన్ని మొదట్లోనే ఆపేసి ఇచ్చారు. అంటే మూడున్నరేళ్లు పట్టింది.

2014లో యాపిల్ యోసెమిటీ తెచ్చినప్పుడూ ఇదే గొడవ. స్పాట్‌లైట్‌లో కొట్టిన మాటలు, మీరున్న ప్రాంతం వివరం సూచనల కోసం యాపిల్‌కు వెళ్తున్నాయని తేలింది. వ్యక్తిని గుర్తుపట్టే శాశ్వత సంఖ్య ఏదీ పంపడం లేదని, ప్రాంతాన్ని కచ్చితంగా కాక ఉజ్జాయింపుగానే తీసుకుంటున్నామని, వద్దంటే ఆపుకోవచ్చని యాపిల్ చెప్పింది. విండోస్ కూడా 8.1 నుంచి సొంత ఫైళ్ల వెతుకులాటలో బింగ్ ఫలితాలను కలిపేసింది. ఇప్పటికీ స్టార్ట్ మెనూలో మీరు కొట్టే మాటలు రెండు దారుల్లో పోతాయి. ఒకటి లోపలికి, ఒకటి బింగ్‌కు. ‘బయాప్సీ రిపోర్టు’ అని కొట్టినా, ‘విడాకుల నోటీసు’ అని కొట్టినా అంతే.

ఈ కథల్లో ఒక సంగతి గమనించారా? రీకాల్ గానీ ఉబుంటు గానీ దానంతటది మారలేదు. ఎవరో సెట్టింగ్స్ తెరిచి చూశారు, ఇదేమిటని గట్టిగా అడిగారు, అప్పుడు కంపెనీ తగ్గింది. మీరు అంత పెద్ద పోరాటం చేయనక్కర్లేదు. మీ యంత్రం వరకు చూసుకుంటే చాలు.

మీ కంప్యూటర్‌లో చేయాల్సినవి

విండోస్, మ్యాక్ వెర్షన్‌ను బట్టి పేర్లు కాస్త అటూఇటూ అవుతాయి. దారి మాత్రం ఇదే.

1. చదివే పరిధి తగ్గించండి. విండోస్ 11లో ‘సెట్టింగ్స్’ తెరిచి, ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో సెర్చ్‌కు సంబంధించిన విభాగానికి వెళ్లండి. ‘క్లాసిక్’, ‘ఎన్‌హాన్స్‌డ్’ అని రెండుంటాయి. క్లాసిక్ అయితే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటి చోట్ల వరకే చదువుతుంది. ఎన్‌హాన్స్‌డ్ అయితే కంప్యూటర్ మొత్తం. మామూలు అవసరాలకు క్లాసిక్ చాలు.

2. ముఖ్యమైన ఫోల్డర్‌ను మినహాయించండి. ఆధార్, పాన్, పొలం పాసుపుస్తకం, మెడికల్ రిపోర్టులు, వీలునామా ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చండి. విండోస్‌లో ‘ఇండెక్సింగ్ ఆప్షన్స్’ తెరిచి, ‘మాడిఫై’ నొక్కి ఆ ఫోల్డర్ దగ్గర టిక్కు తీసేయండి. ఆ తర్వాత ‘అడ్వాన్స్‌డ్’లో ‘రీబిల్డ్’ నొక్కితే పాత ఇండెక్స్ పోయి కొత్తది తయారవుతుంది. మ్యాక్‌లో ‘సిస్టమ్ సెట్టింగ్స్’లోని స్పాట్‌లైట్ విభాగంలో ‘సెర్చ్ ప్రైవసీ’ ఉంటుంది. ఫోల్డర్‌ను అక్కడ చేరిస్తే స్పాట్‌లైట్ దాని జోలికి పోదు.

3. బయటకు పోయే మాటలు ఆపండి. విండోస్‌లో అదే సెర్చ్ విభాగంలో క్లౌడ్ కంటెంట్ సెర్చ్, సెర్చ్ హిస్టరీ, సెర్చ్ హైలైట్స్ మీటలుంటాయి. అవసరం లేనివి ఆపేసి, పాత హిస్టరీని చెరిపేయండి. మ్యాక్‌లో మీరు వెతికిన మాటలను యాపిల్ దాచుకోకుండా ‘హెల్ప్ యాపిల్ ఇంప్రూవ్ సెర్చ్’ను ఆపండి. స్టార్ట్ మెనూలోంచి బింగ్‌ను పూర్తిగా తీసేసే సులువైన మీట మనకు అన్ని వెర్షన్లలో కనిపించదు. అందుకే ఒక అలవాటు చేసుకోండి. సొంత ఫైలు కావాలంటే స్టార్ట్ మెనూలో కాదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి అందులోని సెర్చ్ గడిలో వెతకండి.

4. కొత్త కంప్యూటర్ కొన్నవారు రీకాల్ సంగతి చూడండి. అది కోపైలట్ ప్లస్ కంప్యూటర్లలోనే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ వాడేవారు కంగారు పడక్కర్లేదు. ఉంటే ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో ‘రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్’ అని కనిపిస్తుంది. కావాలనుకుంటే బ్యాంకు సైట్లను, మెసేజింగ్ యాప్‌లను మినహాయించి వాడండి. వద్దనుకుంటే ఆపి, అప్పటిదాకా తీసిన ఫొటోలను కూడా తొలగించండి.

5. డిస్కుకు తాళం వేయండి. ల్యాప్‌టాప్ పోతే దొంగ పాస్‌వర్డ్‌తో కుస్తీ పడడు. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తాడు. ఫైళ్లూ ఇండెక్సూ రెండూ దొరుకుతాయి. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తే అలా చదవడం కుదరదు. రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి విడిగా దాచండి. కంప్యూటర్ దాన్ని అడిగినప్పుడు చేతిలో లేకపోతే మీకూ తలుపు తెరుచుకోదు.

6. ఫైళ్లకు మంచి పేర్లు పెట్టండి. ‘స్కాన్001’, ‘న్యూ డాక్యుమెంట్ 7’ లాంటి పేర్లు పెడతాం కాబట్టే లోపలి విషయమంతా చదివే సెర్చ్ మనకు అవసరమవుతోంది. ‘2025 నాన్నగారి కంటి రిపోర్టు’ అని పేరు పెడితే ఫైలు పేరుతోనే దొరుకుతుంది. విండోస్‌లో ప్రధానంగా పేర్లతోనే వెతికే ‘ఎవ్రీథింగ్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. పేర్లు బాగుంటే అవి చాలు. అయితే పేరులో ఆధార్ నంబరో ఖాతా నంబరో మాత్రం పెట్టకండి.

మీది కాని కంప్యూటర్ దగ్గర

మన ఊళ్లలో హాల్‌టికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఆధార్ ప్రింటు ఇవన్నీ నెట్ సెంటర్లోనో జిరాక్స్ షాపులోనో తీసుకుంటాం. అక్కడి కంప్యూటర్లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. మీ ముందు వచ్చినవారి కాగితాలు వరసగా కనిపిస్తాయి. మీవీ మీ తర్వాత వచ్చినవారికి అలాగే కనిపిస్తాయి. అక్కడ దిగిన ప్రతి ఫైలూ సెర్చ్‌కు దొరికేదే.

2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఇంటర్నెట్ కేఫ్‌లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవద్దని, తప్పకపోతే ఆ కంప్యూటర్లోంచి నకళ్లన్నీ శాశ్వతంగా తొలగించమని అందులో ఉంది. ప్రకటనను అపార్థం చేసుకునే వీలుందంటూ ప్రభుత్వం రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయినా సలహా మంచిదే. ప్రింటు తీశాక ఫైలు డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి, ఈమెయిల్ నుంచీ వాట్సాప్ వెబ్ నుంచీ లాగౌట్ అవండి. షాపువాళ్ల వాట్సాప్‌కు ఫైలు పంపితే ప్రింటు అయ్యాక తీసేయమని వారి ముందే నిలబడి అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ముఖ్యమైన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకో మార్చి, కంప్యూటర్లోంచి తీసేసి ఇవ్వండి. రిపేరు కీబోర్డుదో తెరదో అయితే మీ పాస్‌వర్డ్ చెప్పాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఎందుకు కావాలో అడిగి, ఇచ్చి తీరాల్సి వస్తే పని అయ్యాక మార్చేయండి. ఇంట్లో అందరూ ఒకే కంప్యూటర్ వాడుతుంటే ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ పెట్టండి. ఎవరి ఫైళ్లు వారి వెతుకులాటలోనే వస్తాయి.

ఆఫీసు ల్యాప్‌టాప్ మాట కూడా చెప్పుకోవాలి. దాని సెట్టింగ్స్ మీ చేతిలో ఉండవు. ఐటీ విభాగం చేతిలో ఉంటాయి. పిల్లల స్కూలు ఫీజు రసీదు నుంచి పెళ్లి సంబంధం బయోడేటా దాకా దానిలోనే పెట్టుకునేవారున్నారు. ఉద్యోగం మారిన రోజు ల్యాప్‌టాప్ అప్పగించాలి, అప్పుడు హడావుడిగా ఏరుకోవడం కష్టం. ఆఫీసు యంత్రంలో ఆఫీసు పనే ఉంచండి.

చట్టం మీ వెనకే ఉంది

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఈ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చిన సమ్మతిని ఎంత తేలికగా ఇచ్చారో అంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఇక మీ కాగితాలతో ఎవరైనా మోసం చేసి డబ్బు కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

చట్టం ఎంత గట్టిదైనా ‘ఐ అగ్రీ’ నొక్కే వేలు మనదే. చదవకుండా నొక్కింది కూడా ఒప్పుకోవడం కిందికే వస్తుంది.

ఈ ఆదివారం అరగంట

- ఇండెక్స్ ఏయే ఫోల్డర్లు చదువుతోందో తెరిచి చూడండి.
- ముఖ్యమైన కాగితాలను ఒక్క ఫోల్డర్‌లోకి చేర్చి, మినహాయించి, రీబిల్డ్ చేయండి.
- సెర్చ్ హిస్టరీ చెరిపి, అవసరం లేని క్లౌడ్ మీటలు ఆపండి.
- డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.
- డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి.
- అమ్మానాన్నల కంప్యూటర్‌కూ ఇవే చేసి పెట్టండి. వాళ్లు అడగరు, మీరే చేయాలి.

సెర్చ్ మానేయమని నేను అనడం లేదు. మానేస్తే రిటర్ను ఆఖరి రోజున ఇబ్బంది పడేది మీరే. ఏం చదవాలో, ఎక్కడ దాచాలో, ఎవరికి చెప్పకూడదో మీరు చెప్పి వాడుకోమంటున్నాను. ఈ పుస్తకం కాసేపు పక్కన పెట్టి ముందు సెట్టింగ్స్ తెరవండి. తర్వాతి అధ్యాయం ఎక్కడికీ పోదు.